వాల్తేరు: పేరు మారింది, గీత మారిందా?

2025 ఫిబ్రవరి 7వ తేదీన విజయనగరం నుంచి చిన్ననాటి మిత్రుడొకడు ఫోన్ చేశాడు. కుశలప్రశ్నలేమీ లేవు. "ఏటిరా, వాల్తేరు పేరు తీసేసినారంట, చూసినావా?" అన్నాడు. గొంతులో సంతోషమో దుఃఖమో తేల్చుకోలేకపోయాను. తరువాత తెలిసింది, వాడికీ తేలలేదని.

మేమిద్దరమూ రైలు పిచ్చివాళ్ళం. చిన్నప్పుడు విజయనగరం ప్లాట్‌ఫారం చివర కూర్చుని వచ్చే పోయే ఇంజన్ల నంబర్లు లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేవాళ్ళం. ఆ పిచ్చి నాకు ఇంట్లోనే అంటింది. మా నాన్నగారు వాల్తేరు డివిజన్‌లో గూడ్సు గార్డు. ఆయన డ్యూటీకి మోసుకుపోయే నల్లని ఇనుప లైను బాక్సు మీద తెల్లరంగుతో పేరు, దాని కింద డివిజన్ పేరు ఉండేవి. నేను అక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి పెద్ద మాట బహుశా అదే కావచ్చు.

ఆ రోజు వార్త ఇది. విశాఖపట్నం కేంద్రంగా రానున్న దక్షిణ కోస్తా రైల్వే జోన్ స్వరూపాన్ని సవరిస్తూ కేంద్ర మంత్రివర్గం ఒక నిర్ణయానికి ఆమోదం తెలిపింది. 2019 ఫిబ్రవరి 27న జోన్‌ను ప్రకటించినప్పుడు వాల్తేరు డివిజన్‌ను రెండుగా చీల్చి, ఒక ముక్కను విజయవాడ డివిజన్‌లో కలిపి, రెండో ముక్కతో రాయగడ డివిజన్ ఏర్పాటు చేస్తామన్నారు. అంటే జోన్ కేంద్రం ఉన్న ఊరికి సొంత డివిజన్ ఉండదన్నమాట. 2025 నిర్ణయం దానిని కొంత సరిదిద్దింది. చీలిక మాత్రం తప్పలేదు. దాదాపు 410 కిలోమీటర్ల భాగం విశాఖలోనే డివిజన్‌గా మిగులుతుంది. దాదాపు 680 కిలోమీటర్ల భాగం రాయగడ డివిజన్‌గా తూర్పు కోస్తా రైల్వేలో ఉంటుంది. మిగిలిన భాగానికి వాల్తేరు అన్న పేరు మాత్రం ఉండదు, విశాఖపట్నం డివిజన్ అవుతుంది. కారణాన్ని ప్రభుత్వ ప్రకటనే చెప్పింది: వాల్తేరు అన్నది వలస పాలన వారసత్వం కనుక మార్చాలని.

మా రైలు మిత్రుల్లో ఆ వారం మూడు రకాల స్పందనలు విన్నాను. మొదటి వర్గం వారికి ఆనందం: 2014 పునర్విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో జోన్ సంగతి ఆరు నెలల్లో పరిశీలించాలని రాసినది, పదేళ్ళు దాటాకైనా కదిలిందని. రెండో వర్గం వారికి ఆగ్రహం: కొత్తవలస–కిరండూల్ మార్గం మొత్తం, మన అరకు స్టేషన్‌తో సహా, రాయగడకు పోతున్నదని. మూడో వర్గం చిన్నది, కొంచెం సిగ్గుపడుతూ మాట్లాడేది: "పేరెందుకు మార్చడం?" అని. నేను ఆ మూడో వర్గంలో ఉన్నాను. నా బాధలో న్యాయమెంత, కేవలం నాన్నగారి పెట్టె మీది అక్షరాల మమకారమెంత అని తేల్చుకోవాలనిపించి చరిత్ర తిరగేశాను. ఈ వ్యాసం దాని ఫలితం.

ఒకే దారిగా పుట్టినది

మద్రాసు, కలకత్తాల మధ్య కోస్తా వెంబడి ఈనాడు మనకు సహజంగా తోచే రైలుదారి పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశకం దాకా లేదు. దానిని వేసినది కంపెనీ కాదు, ప్రభుత్వం. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అన్న పేరుతో బెజవాడ నుంచి కటకం దాకా సాగిన ఈ మార్గం 1893–1896 మధ్య భాగాలు భాగాలుగా తెరుచుకుంది. గోదావరి మీద వంతెన మాత్రం అప్పటికి లేదు. హేవలాక్ వంతెన పని 1897లో మొదలై 1900లో పూర్తయింది. అంతవరకు కొవ్వూరు దగ్గర ఒక రైలు దిగి, గోదావరిని నీటి మీద దాటి, రాజమండ్రిలో ఇంకో రైలు ఎక్కవలసి వచ్చేది. అయినా యాజమాన్యం దృష్టిలో అది ఒకే దారి. బెజవాడ స్టేషన్ మాస్టరూ బరంపురం స్టేషన్ మాస్టరూ ఒకే సంస్థ ఉద్యోగులు.

వంతెన పూర్తై దారి నిజంగా ఒకటైన మరుసటి ఏడే దానిని రెండు చేశారు. 1901లో వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగాన్ని మద్రాసు రైల్వేకు అప్పగించారు. 1902లో ఉత్తర భాగం, పూరీ శాఖతో సహా, బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. ఆ తరువాత 1908లో మద్రాసు రైల్వే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేగా మారింది. ఆ విధంగా వాల్తేరు రెండు కంపెనీల పొలిమేర అయింది. మద్రాసు నుంచి వచ్చే దారికి అది చివర, కలకత్తా నుంచి వచ్చే దారికీ అదే చివర.

విశాఖ స్టేషన్ తీరు గమనించినవారికి ఈ "చివర" అన్న మాట వేరే విధంగానూ అర్థమవుతుంది. హౌరా వైపు నుంచి వచ్చే బండీ, చెన్నై వైపు నుంచి వచ్చే బండీ మర్రిపాలెం మీదుగా ఒకే పక్క నుంచి లోపలికి వస్తాయి. మళ్ళీ అదే పక్క నుంచి బయటికి పోతాయి. అందుకే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ వంటి బళ్ళు ఇక్కడ తిరగబడతాయి. ఇంజను ఆ చివర నుంచి విప్పి ఈ చివర తగిలిస్తారు. కిటికీ పక్కన ముందుకు చూస్తూ కూర్చున్న ప్రయాణికుడు విశాఖ దాటాక వెనక్కి చూస్తూ పోతాడు. "వాల్తేరులో బండికి తోక తల అవుద్ది" అనేవారు నాన్నగారు. వేళ మిగుల్చుకోవలసిన బళ్ళు ఊళ్ళోకి రాకుండా సింహాచలం నార్త్ – దువ్వాడ బైపాస్ మీద తప్పించుకుపోతాయి. 410 కిలోమీటర్ల జాబితాలో ఆ చిన్న బైపాస్‌ను ప్రత్యేకంగా పేర్కొన్నారంటే దాని ప్రాముఖ్యం ఊహించుకోవచ్చు.

పొలిమేర కదలలేదు

నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఇది. కంపెనీలు పోయాయి, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, రైల్వేలు జాతీయమయ్యాయి. పొలిమేర మాత్రం కదలలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1952లో తూర్పు రైల్వేలో కలిసింది. 1955 ఆగస్టు 1న దాని నుంచి ఆగ్నేయ రైల్వే వేరైంది. వాల్తేరు అందులోకి వెళ్ళింది. దక్షిణపు భాగం దక్షిణ రైల్వేలో ఉండి, 1966 అక్టోబరు 2న పుట్టిన దక్షిణ మధ్య రైల్వేలో విజయవాడ డివిజన్‌తో పాటు చేరింది. 2003 ఏప్రిల్ 1న వాల్తేరు భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వేలోకి మారింది. ఇన్ని మార్పుల్లోనూ విశాఖకు పడమట దువ్వాడ దగ్గర గీత అలాగే ఉంది. గీతకు ఆవల సికింద్రాబాదు మాట, ఈవల కలకత్తా మాట, తరువాత భువనేశ్వర్ మాట.

మా ఇంట్లో ఆ గీత ఎంత గట్టిదో నాకు గుర్తుంది. నాన్నగారికి విశాఖ నుంచి అనకాపల్లి పరాయి రైల్వే. ఇక్కడి నుంచి ఖరగ్‌పూర్ దాకా మాత్రం "మన రైల్వే." ఇంట్లో బెంగాలీ మాటలు నాలుగు తిరిగేవి గాని, ఆయన సహోద్యోగుల్లో గుంటూరు వారెవరూ ఉండేవారు కారు.

ఈ దృష్టితో చూస్తే కొత్త జోన్ అర్థం మారిపోతుంది. అది కేవలం ఒక రాష్ట్రానికి ఇచ్చిన హామీ కాదు. 1901లో రెండైన కోస్తా దారిలో తెలుగు భాగం ఒకే జోన్ కిందికి రావడం ఆ తరువాత ఇదే మొదటిసారి. పలాస నుంచి విశాఖ మీదుగా విజయవాడ దాటిపోయేదాకా ఒకే జనరల్ మేనేజరు. విశాఖలో జోన్ కార్యాలయానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆ ఏడాదే మొదటి జనరల్ మేనేజరు నియామకమూ జరిగింది. మొదటి వర్గం మిత్రుల ఆనందాన్ని నేను మనస్ఫూర్తిగా పంచుకుంటున్నాను. నూట ఇరవై ఏళ్ళు దాటిన గీత చెరగడం చిన్న విషయం కాదు.

అయితే అది పూర్తిగా చెరగలేదు. జోన్ల మధ్య గీతగా పోయి, డివిజన్ల మధ్య గీతగా మిగిలింది. విశాఖపట్నం డివిజన్ ఈనాటికీ దువ్వాడతోనే ఆగుతుంది.

కొత్త గీతలు

ఒక గీత పలచబడితే మరికొన్ని కొత్తగా వచ్చాయి. రెండో వర్గం మిత్రుల ఆగ్రహానికి మూలం ఇక్కడ ఉంది.

మొదటిది పలాస దగ్గర. పలాసకు ఉత్తరాన ఇచ్ఛాపురం దాకా ఉన్న తెలుగు నేల మీది స్టేషన్లు ఇదివరకటిలాగే ఖుర్దా రోడ్ డివిజన్‌లో ఉంటాయి. రెండవది విజయనగరం – రాయగడ దారిలో కూనేరు దగ్గర. ఈ దారి కథ వేరు. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా ముందే ఉన్న దారిని రాయపూర్ దాకా పొడిగించి 1931లో పూర్తి చేశారు. మధ్య పరగణాల సరుకు సముద్రానికి చేరాలన్నదే ఉద్దేశం. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకుంది. ఆ ఏడు అక్టోబరులో 'జలదుర్గ' అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. రేవూ రైలూ కవలపిల్లలు. ఇప్పుడు రేవు ఒక జోన్‌లో, దానికి సరుకు తెచ్చే దారిలో పెద్ద భాగం ఇంకో జోన్‌లో.

మూడవది పర్లాకిమిడి దగ్గర. ఇది నన్ను ఎక్కువగా నొప్పించింది. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న పట్టాల దారి వేయించినది కంపెనీ కాదు, దొరలు కారు, పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి. మద్రాసు – కలకత్తా దారి తన సంస్థానానికి పాతిక మైళ్ళ దూరంలో పోతున్నదని, దానిని అందుకోవడానికి తన ఖర్చుతో వేయించిన దారి అది. 1900లో బళ్ళు నడిచాయి. 1931కి గుణుపురం దాకా సాగింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, నౌపడా ఇటు ఉంది. అయినా రైలు మాత్రం ఒకటిగానే నడిచింది. 2004లో చిన్న పట్టాలు తీసేసి, కొన్నేళ్ళకు బ్రాడ్ గేజ్ వేశారు. 2025 నిర్ణయంలో నౌపడా – పర్లాకిమిడి విశాఖకు, పర్లాకిమిడి – గుణుపురం రాయగడకు పంచారు. రాష్ట్రాల విభజన చేయలేని పనిని డివిజన్ల విభజన చేసింది.

నాలుగవది, అన్నిటికన్నా పెద్దది, కొత్తవలస దగ్గర. కొత్తవలస – కిరండూల్ మార్గం 1960 దశకంలో వేసినది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం విశాఖ రేవు చేరి జపానుకు పోవడానికి వేశారు. తూర్పు కనుమలను యాభైకి పైగా సొరంగాలతో దాటుతుంది. ఆ దారిలో శిమిలిగుడ స్టేషన్ 996.32 మీటర్ల ఎత్తున ఉండి, దేశంలో అత్యంత ఎత్తైన బ్రాడ్ గేజ్ స్టేషన్‌గా పేరు పొందింది. 2008లో కాశ్మీరు లోయలో రైలు నడిచాక ఆ ఘనత అటు పోయింది. కొండ దిగే ఖనిజపు బండిలో గార్డు బ్రేకు పెట్టె పట్టుకుని కూర్చోవడమంటే ఏమిటో నాన్నగారు ఎన్నోసార్లు చెప్పారు. వానాకాలంలో బొర్రా ప్రాంతాన కొండ విరిగిపడితే రెండేసి రోజులు ఇంటికి వచ్చేవారు కారు.

వాల్తేరు డివిజన్ ఆదాయానికి వెన్నెముక ఈ ఖనిజపు దారే. అది పోతే మిగిలేది ప్రయాణికుల బళ్ళు, ఉక్కు కర్మాగారపు దారి, సాలూరు శాఖ వంటివి. అందుకే మిత్రుడు కోపంతో "పళ్ళెం మనకిచ్చి అన్నం వాళ్ళకిచ్చినారు" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. అయితే రెండో పక్కనూ చూడాలి. ఆ ఖనిజం బస్తరుది, దారిలో ఎక్కువ భాగం ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నేల మీద పోతుంది. జయపురం, కోరాపుట్ ప్రజలు చిన్న పనికైనా విశాఖ కార్యాలయానికి రావలసి రావడం మీద వారికీ ఏళ్ళ తరబడి ఫిర్యాదు ఉంది. మనం భువనేశ్వర్ మీద పెట్టుకున్న ఫిర్యాదు లాంటిదే. మన ఫిర్యాదు న్యాయమైతే వారిదీ న్యాయమే. అరకు, బొర్రా వంటి మన నేల మీది స్టేషన్లను కూడా కలిపి ఇచ్చేయడం మాత్రం నాకు ఏ న్యాయానికీ అందలేదు.

ఇక పేరు సంగతి

వాల్తేరు వలస పాలన వారసత్వమా?

విశాఖ ఎరిగినవారికి పెదవాల్తేరు, చినవాల్తేరు తెలుసు. పెదవాల్తేరులో కరకచెట్టు పోలమాంబ గుడి ఉంది. ఊరికి గ్రామదేవత ఉండి, "పెద", "చిన" అని రెండు భాగాలుండి ఉంటే, ఆ పేరు దొరలు పెట్టినదని ఎలా అనగలం? తెల్లవారు చేసినది రెండు పనులు. ఆ ఊరి మెట్టప్రాంతంలో బంగళాలు కట్టుకుని కాపురమున్నారు. ఆ పేరును తమ నోటికి తిరిగినట్టు రాసుకుని, దానికి దూరంగా కట్టిన స్టేషన్‌కు తగిలించారు. రాత వారిది, పేరు మనది. బెజవాడలో 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో ఇక్కడికి తరలివచ్చాక ఎన్ని దశాబ్దాల తెలుగు పుస్తకాల మీద "వాల్తేరు" అని ప్రచురణ స్థలం అచ్చయిందో సాహిత్యమిత్రులకు చెప్పనక్కరలేదు. ఆ పుస్తకాలన్నీ వలస వారసత్వమేనా?

స్టేషన్ పేరు 1987లోనే విశాఖపట్నంగా మారింది. దానికి నాకు అభ్యంతరం లేదు. ఊరి పేరు స్టేషన్‌కు ఉండటం ప్రయాణికుడికి సౌకర్యం. డివిజన్ పేరుతో ప్రయాణికుడికి పనిలేదు. అది ఉద్యోగుల పేరు, సరుకు పెట్టెల మీది పేరు, మా వంటి పిచ్చివాళ్ళ పేరు. అందుకే దానిని తీసేస్తే ఎవరికీ నష్టం లేదనిపిస్తుంది. 2022లో గార్డు అన్న ఉద్యోగపు పేరును ట్రైన్ మేనేజర్‌గా మార్చారు. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు లెక్క చూసుకుంటే నాన్నగారి పెట్టె మీది రెండు మాటలూ పోయాయి.

ఇన్ని తిరగేశాక నాకు తేలినది ఇది. ఇక్కడ వలస వారసత్వం నిజంగా ఉన్నది. కాని అది పేరులో లేదు. 1901లో రెండు కంపెనీల సౌకర్యం కోసం గీసిన పొలిమేర డివిజన్ హద్దుగా ఇంకా దువ్వాడ దగ్గరే ఉండటం వలస వారసత్వం. లోపలి కొండల సరుకును రేవుకు దించడమే దారి పరమార్థమన్న ఆలోచన, ఆ కొండల మనుషుల రాకపోకలకు తరువాతి స్థానం ఇవ్వడం వలస వారసత్వం. స్వతంత్ర భారతంలో వేసిన కిరండూల్ దారి కూడా ఆ అచ్చులోనే పోతపోసుకుంది. పట్టాలను, హద్దులను మార్చడం కష్టం, ఖర్చు. బోర్డు మీది అక్షరాలు మార్చడం తేలిక. మనం తేలికైనది చేసి కష్టమైనది చేసినట్టు చెప్పుకుంటున్నాం.

జోన్ రావాలని ఇరవై ఏళ్ళు కోరుకున్నవాడిని నేను. వచ్చినందుకు సంతోషమే. ఆ సంతోషానికి ఈ పేరును మూల్యంగా చెల్లించనక్కరలేదని మాత్రమే నా మనవి.

మిత్రుడికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. శ్రద్ధగా విని, "అంతా బావుంది గాని, మీ నాన్న పెట్టె ఇంకా ఉందా?" అని అడిగాడు. ఉంది. అటక మీద, పాత టైంటేబుళ్ళు, ఇత్తడి ఈల, రెండు జెండాలతో. రంగు చాలాచోట్ల ఊడిపోయింది. కింది పంక్తిలో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ ఇంకా కనబడుతున్నాయి. దాని మీద కొత్తగా రంగు వేయించే ఉద్దేశం నాకు లేదు.

చదివేవారిలో రైల్వే కుటుంబాల వారు ఎవరైనా ఉంటే ఒక్క విన్నపం. మీ ఇళ్ళలోని పాత పాసులు, అట్ట టికెట్లు, బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి కాగితాలు, ఫోటోలు పాతసామాన్ల వాడికి వేయకండి. తీరిక చేసుకుని స్కాన్ చేసి దాచండి. కార్యాలయాల్లో పేర్లు మారినప్పుడు ముందుగా పోయేవి పాత కాగితాలే. వాల్తేరు అన్న ఊరు ఎక్కడికీ పోదు, పోలమాంబ చూసుకుంటుంది. వాల్తేరు అన్న రైల్వేను మాత్రం మనమే చూసుకోవాలి.